ఇంట్లో ఇన్సులిన్ వేసుకుంటున్నారా? సైడ్ ఎఫెక్టులను గుర్తుపట్టడం నుంచి రిపోర్టు చేయడం దాకా

నాన్నకు ఇన్సులిన్ మొదలైన మూడో వారం. రాత్రి రెండున్నరకు అమ్మ వచ్చి భుజం తట్టి లేపింది. "పాపా, మీ నాయన దిండు తడిసి ముద్దయింది. పిలిస్తే ఏందేందో మాట్లాడుతున్నాడు." బెంగళూరులో డిసెంబరు, మందపాటి దుప్పటి కప్పుకునే చలి. ఆ చలిలో ఆయన బనియను పిండితే నీళ్లు కారేలా ఉంది. షుగర్ మీటరు పెడితే 52.

చక్కెర నీళ్లు కలిపి తాగించాం. పావుగంట ఆగి చూస్తే 55. మళ్లీ తాగించాం, 58. అప్పుడు అమ్మ మందుల డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. అందులో అన్నం మొదటి ముద్దతో వేసుకునే చిన్న మాత్ర ఒకటి ఉంది, వోగ్లిబోస్. మనం వంటింట్లో వాడే చక్కెరను పేగుల్లో త్వరగా విరగనీయకుండా ఆపడమే ఆ మాత్ర పని. మేం పోస్తున్న చక్కెరంతా అక్కడే నిలబడిపోతోంది. కింది ఇంటి కన్నడ ఆంటీని లేపి, వాళ్ల దగ్గరున్న గ్లూకోజ్ పొడి మూడు చెంచాలు కలిపి ఇస్తే పదిహేను నిమిషాల్లో 84కి వచ్చింది.

తర్వాత కూర్చుని లెక్క చూసుకుంటే తెలిసింది. కడుపు బాగాలేదని ఆ రాత్రి నాన్న ఒక్క రొట్టె తిని లేచాడు. సూది మాత్రం రోజూ వేసుకునేంతే వేసుకున్నాడు. మందు తన పని తాను చేసింది. గత మూడేళ్లలో మా ఇంట్లో వచ్చిన ఇన్సులిన్ ఇబ్బందుల్లో ఒకటి రెండు తప్ప మిగతావన్నీ ఇలాంటివే: సిరంజీ దగ్గరో, కంచం దగ్గరో, గడియారం దగ్గరో లెక్క తప్పినవి. ఇంట్లో పుట్టేవి కాబట్టి వాటిని ఇంట్లోనే ముందుగా పసిగట్టవచ్చు. అందుకే ఇది రాస్తున్నాను. డోసు పెంచడం, తగ్గించడం, మానడం మాత్రం డాక్టరు చెప్పాల్సిందే. వాంతులవుతున్నాయనో, తినబుద్ధి కావడం లేదనో సొంతంగా ఇన్సులిన్ ఆపేయకండి, ఫోన్ చేసి అడగండి. టైప్ 1 షుగర్ వాళ్లు (ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారుకానివాళ్లు) ఆపితే ఒక్క రోజులోనే ప్రాణం మీదికి రావచ్చు.

1. ముందు మీ ఇన్సులిన్ పేరు, దాని టైము తెలుసుకోండి

"ఏ ఇన్సులిన్ వాడుతున్నారు?" అని డాక్టరు అడిగితే మా నాన్న "ఫ్రిజ్‌లో పెట్టేది" అనేవాడు. నవ్వొస్తుంది కానీ చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. డబ్బా మీది పేరును ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. ఎందుకంటే షుగర్ ఎప్పుడు పడిపోయే అవకాశం ఉందో ఆ పేరే చెబుతుంది.

రెగ్యులర్ అనే తేట ఇన్సులిన్ అరగంటకు పని మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు గంటల మధ్య గట్టిగా పనిచేస్తుంది. పాలలా కనిపించే ఎన్‌పీహెచ్ నెమ్మదిగా మొదలై నాలుగు గంటల తర్వాతే ఊపందుకుంటుంది, పది పన్నెండు గంటల దాకా దాని జోరు ఉండొచ్చు. మనవాళ్లలో ఎక్కువమంది వాడే 30/70 మిక్స్ అంటే ముప్పై పాళ్లు మొదటిది, డెబ్బై పాళ్లు రెండోది. రాత్రి ఎనిమిదింటికి వేసుకున్న మిక్స్‌లో ఆ డెబ్బై పాళ్లు అర్ధరాత్రి దాటాక పని మీదుంటాయి. మా అమ్మ నన్ను లేపిన టైము గుర్తుంది కదా.

ఆస్పార్ట్, లిస్‌ప్రో లాంటివి పది ఇరవై నిమిషాల్లోనే మొదలవుతాయి కాబట్టి కంచం ముందు కూర్చుని వేసుకోవాలి. గ్లార్జిన్ రోజంతా సమంగా నడుస్తుంది, పెద్దగా ఎత్తుపల్లాలు ఉండవు. అయినా దానితో షుగర్ పడిపోదని అనుకోవద్దు.

2. సిరంజీ మూత రంగు చూడండి

నా లెక్కలో ఇన్సులిన్ వాడే ప్రతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాల్సిన సంగతి ఇది. తెలిసినవాళ్లు మాత్రం చాలా తక్కువ.

మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా యూ-40. అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. పెన్నుల్లో వచ్చేది యూ-100, ఒక మిల్లీలీటరులో 100. సీసాల్లో కూడా యూ-100 దొరుకుతుంది. దేనికి తగ్గ సిరంజీ దానికి ఉంది. యూ-40 సిరంజీకి ఎర్ర మూత, యూ-100 సిరంజీకి నారింజ రంగు మూత.

ఒకసారి మా వీధి చివర మందుల షాపులో ఎర్ర మూతవి అయిపోయి, "ఇవీ ఇన్సులిన్ సిరంజీలే సార్" అని నారింజ మూతవి చేతిలో పెట్టారు. నాన్న యథాప్రకారం 20 గీత దాకా లాగి వేసుకున్నాడు. నారింజ సిరంజీలో 20 గీత అంటే 0.2 మిల్లీలీటరు. యూ-40 మందులో 0.2 మిల్లీలీటరుకు వచ్చేది 8 యూనిట్లే. నాలుగు రోజులు షుగర్ 300 దగ్గర ఆడింది. డాక్టరు డోసు పెంచబోయారు కూడా. "సిరంజీ ఏమైనా మార్చారా?" అని అక్కడి నర్సమ్మ అడగబట్టి సరిపోయింది. పెంచిన డోసుతో ఇంటికొచ్చి మళ్లీ ఎర్ర మూత సిరంజీ వాడి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

రంగులు అటుదిటు అయితే ఇంకా ప్రమాదం. యూ-100 మందును ఎర్ర మూత సిరంజీలో 20 గీత దాకా లాగితే అది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. రాసిచ్చినదానికి రెండున్నర రెట్లు. పెన్ను పాడైందని దాని కార్ట్రిడ్జ్‌లోకి (లోపల మందు ఉండే గొట్టంలోకి) సిరంజీ గుచ్చి లాగేవాళ్లు సరిగ్గా ఈ గోతిలోనే పడతారు. పెన్ను పనిచేయకపోతే కొత్త పెన్ను తెచ్చుకోండి, కార్ట్రిడ్జ్‌లోకి మాత్రం సిరంజీ దించకండి.

చేయాల్సింది చిన్న పనే. సీసా మీద 40 ఉందో 100 ఉందో చూడటం, సిరంజీ మీద కూడా అదే అంకె ఉందో లేదో చూడటం. షాపు నుంచి తెచ్చిన ప్రతిసారీ చూడాలి.

పెన్ను వాడేవాళ్లు వేసుకునే ముందు 2 యూనిట్లు తిప్పి గాల్లోకి వదిలి, సూది చివర చుక్క కనిపించాకే అసలు డోసు తిప్పుకోవాలి. బటన్ నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి సూది తీయాలి. తీశాక ఆ సూదిని పెన్నుకే ఉంచేయకండి, గాలి చేరుతుంది, మందు కారిపోతుంది.

3. షుగర్ డౌన్ అయితే

ఇన్సులిన్ సైడ్ ఎఫెక్టుల్లో పెద్దది, తరచుగా వచ్చేది ఇదే. మీటరులో 70 కంటే తగ్గితే డౌన్ అయినట్టు. 54 కంటే తగ్గితే గట్టిగా పట్టించుకోవాల్సిన పరిస్థితి. అంకె ఎంతున్నా, తనంతట తాను గ్లాసు పట్టుకుని తాగలేని స్థితి వచ్చిందంటే అది అన్నిటికంటే తీవ్రమైనది.

పుస్తకాల్లో చెమట, వణుకు, గుండెదడ, ఆకలి అని ఉంటుంది. అవి నిజమే కానీ ఒక్కో మనిషిలో ఒక్కోటి ముందు కనిపిస్తుంది. మా నాన్న మామూలుగా నెమ్మదస్తుడు. షుగర్ పడిపోయే ముందు మాత్రం చిన్న విషయానికి చిరాకు పడతాడు, టీవీ సౌండు ఎక్కువైందంటాడు, రిమోట్ ఎక్కడ పెట్టారని అరుస్తాడు. ఇప్పుడు ఆయన అరిస్తే అమ్మ మారుమాట లేకుండా మీటరు తెస్తుంది. మీ ఇంట్లో మనిషికి ముందుగా కనిపించే ఆ ఒక్క గుర్తు ఏదో కనిపెట్టి పెట్టుకోండి.

రెండు రకాలవాళ్లతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బీపీకో గుండెకో అటినొలాల్, మెటొప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లలో వణుకు, దడ పైకి తెలియకపోవచ్చు. వాళ్లకు మిగిలే గుర్తు చెమట. ఇక చాలా ఏళ్లుగా షుగర్ ఉండి తరచుగా డౌన్ అయ్యేవాళ్లకు శరీరం హెచ్చరించడమే మానేస్తుంది. నిన్నటిదాకా కబుర్లు చెప్పిన మనిషి ఏ గుర్తూ లేకుండా కళ్లు తేలేస్తాడు. అలాంటివాళ్ల సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, షుగర్ టార్గెట్టే మార్చాల్సి రావచ్చు.

మనిషి స్పృహలో ఉండి, మింగగలిగితే ఇలా చేయండి:

1. వీలైతే మీటరు పెట్టండి. మీటరు దగ్గర లేకపోతే వెతుకుతూ కూర్చోకండి, డౌన్ అయిందనే అనుకుని తీపి ఇవ్వండి.

2. 15 గ్రాముల గ్లూకోజ్ ఇవ్వాలి. మూడు టీ చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలపండి. లేదా మూడు చెంచాల చక్కెర, లేదా ఒక పెద్ద చెంచా తేనె, లేదా అర గ్లాసు మామూలు కూల్ డ్రింక్. డైట్ అని రాసినది పనికిరాదు. వోగ్లిబోస్ గానీ ఆకార్బోస్ గానీ వాడేవాళ్లకు చక్కెర, కూల్ డ్రింక్ వద్దు. గ్లూకోజ్ పొడే ఇవ్వండి, లేకపోతే తేనె.

3. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే ఇవ్వండి. ఈ పదిహేను నిమిషాలు ఆగడమే అన్నిటికంటే కష్టం. భయంతో ఒకేసారి అర డబ్బా పోస్తే గంట తర్వాత 350 చూస్తారు.

4. 70 దాటాక, భోజనం టైము ఇంకా దూరంగా ఉంటే రెండు ఇడ్లీలో, ఒక గ్లాసు పాలూ రెండు బిస్కెట్లో పెట్టండి. తీపి త్వరగా ఎక్కి త్వరగానే దిగిపోతుంది.

చాక్లెట్, లడ్డూ, ఐస్‌క్రీమ్ ఈ పనికి రావు. వాటిలోని కొవ్వు వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. ఇది చెబితే మా బంధువుల్లో ఎవరూ నమ్మరు.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. డాక్టరు ముందే గ్లూకగాన్ అనే షుగర్ పెంచే ఇంజెక్షన్ రాసిచ్చి ఇంట్లో ఉంటే అది ఇవ్వండి. "షుగర్ ఎక్కువై పడిపోయాడేమో" అని ఇన్సులిన్ మాత్రం వేయొద్దు. ఒక పెళ్లిలో మా దూరపు చుట్టం ఒకాయన పడిపోతే ఎవరో ఆ పని చేయబోయారు, ఆపేసరికి మాకు చెమటలు పట్టాయి.

ఇన్సులిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ఒకసారి కోలుకున్నా రెండు మూడు గంటల్లో మళ్లీ పడిపోవచ్చు. కిడ్నీ సరిగా లేకపోతే ఇన్సులిన్ ఒంట్లోంచి త్వరగా బయటికి పోదు. వాళ్లను ఒంటరిగా వదలకండి, ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి.

4. ట్రాఫిక్, రెండో బంతి, ఏకాదశి

30/70 వేసుకున్న అరగంటలో తినాలి. హిందూపురంలో ఉన్నన్నాళ్లూ మాకు ఇది సమస్యే కాలేదు, సూది వేసుకుని లేస్తే వంటిల్లు పది అడుగుల్లో ఉండేది. బెంగళూరు వచ్చాక లెక్క మారింది. ఒక ఆదివారం ఎలక్ట్రానిక్ సిటీలో మేనత్త ఇంట్లో భోజనం. "అరగంట ముందు వేసుకోవాలి కదా" అని నాన్న కె.ఆర్.పురంలో బయల్దేరుతూనే వేసేసుకున్నాడు. సిల్క్ బోర్డు దగ్గర బండి కదల్లేదు. గంటన్నర తర్వాత కారులో ఆయన మాటలు తడబడటం మొదలైంది. బ్యాగులో గ్లూకోజ్ ఉంది కాబట్టి బయటపడ్డాం.

అప్పట్నుంచి మా ఇంటి నియమం: అన్నం ఉడికి గిన్నె బల్ల మీదికి వచ్చాక, ఎక్కడ తినబోతున్నామో అక్కడే సూది. పెళ్లికి వెళ్తే ఇంకా జాగ్రత్త. మొదటి బంతిలో చోటు దొరకదు, రెండో బంతి ఎప్పుడో తెలియదు. ఆకు వేశాక లేచి పక్క గదిలో వేసుకుని రావచ్చు, ఆ అరగంట తేడాకు ఏం చేయాలో డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి. తిరుమల క్యూలో నిలబడేవాళ్లు జేబులో గ్లూకోజ్ లేకుండా కదలకండి.

ఏకాదశి, శివరాత్రి, కార్తీక సోమవారాల ఉపవాసాల సంగతి కూడా అంతే. ఉండొద్దని అమ్మలాంటివాళ్లకు చెప్పి గెలవలేం. ఉండాలనుకుంటే వారం ముందే డాక్టరుకు చెప్పి ఆ రోజు డోసు రాయించుకోవాలి. ఖాళీ కడుపుతో మద్యం తాగితే కాలేయం షుగర్ వదలడం తగ్గిస్తుంది, డౌన్ అయిన మనిషిని చూసి "తాగి తూలుతున్నాడు" అని జనం పక్కకు తప్పుకుంటారు. బండి నడిపేవాళ్లు ఎక్కేముందు ఒకసారి మీటరు చూసుకోవాలి.

బయట ఒంటరిగా తిరిగేవాళ్ల పర్సులో ఒక చీటీ ఉండాలి, కన్నడలోనూ ఇంగ్లీషులోనూ. పేరు, ఇన్సులిన్ వాడతారని, ఇంటి ఫోన్ నంబరు. నాన్నకు ఒక్క కన్నడ మాట బట్టీ పట్టించాం: "షుగర్ కమ్మి ఆగిదె, సక్కరె కొడి." షుగర్ తగ్గింది, చక్కెర ఇవ్వండి అని. ఆటోవాళ్లకైనా టీ కొట్టువాళ్లకైనా అది చాలు. వోగ్లిబోస్ వేసుకునేవాడికి సక్కరె దేనికని మీకు అనుమానం రావచ్చు. ఆ మాత్రను డాక్టరు తర్వాత ఆపేశారు.

5. రాత్రిపూట డౌన్ అయ్యేది ఎలా తెలుస్తుంది?

నిద్రలో ఉన్నవాళ్లకు వాళ్లంతట వాళ్లకు తెలియదు. తడిసిన దిండు, పీడకలలు, కలవరింతలు, పొద్దున లేవగానే తలనొప్పి, రాత్రంతా నిద్రపోయినా అలసట: వీటిలో రెండు మూడు వరసగా కనిపిస్తే ఒకటి రెండు రాత్రులు అలారం పెట్టుకుని మూడింటికి లేచి మీటరు చూడండి. ఆ అంకెలను పొద్దున డాక్టరుకు పంపండి. పొద్దున పరగడుపు షుగర్ బాగా ఎక్కువగా ఉందని చూసి రాత్రి డోసు పెంచమని అడిగే ముందు కూడా ఈ మూడు గంటల అంకె చూడటం మంచిది. సాయంత్రం మామూలు కంటే ఎక్కువ నడిచిన రోజు పడుకునే ముందు తప్పక చూడాలి.

6. పొట్ట మీద గడ్డలు

నాన్న ఎప్పుడూ బొడ్డుకు కుడిపక్క ఒకే చోట వేసుకునేవాడు. "అక్కడ నొప్పి తెలీదు" అనేవాడు. నొప్పి తెలియకపోవడానికి కారణం ఉంది. ఒకేచోట మళ్లీ మళ్లీ గుచ్చితే చర్మం కింద కొవ్వు పేరుకుని మెత్తటి రబ్బరు ముద్దలా తయారవుతుంది, అక్కడ స్పర్శ తగ్గుతుంది. కంటికి సరిగా కనిపించదు. స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో పొట్ట మీద నెమ్మదిగా తడిమితే వేళ్లకు తగులుతుంది. మామూలు చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటే అంచులు దగ్గరికి వస్తాయి, గడ్డ ఉన్నచోట రావు.

అందులోకి వేసిన మందు ఒకరోజు కదలదు, ఒకరోజు ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది. తిండి మారకుండా, డోసు మారకుండా షుగర్ ఒకరోజు 320, మర్నాడు 65 చూపిస్తుంటే ముందు పొట్ట తడిమి చూడండి.

గడ్డ దొరికితే అక్కడ వేయడం పూర్తిగా మానాలి, అది తగ్గడానికి నెలలు పడుతుంది. కానీ మంచి చోటికి మార్చిన మొదటి రోజు జాగ్రత్త. అదే డోసు అక్కడ పూర్తిగా పనిచేస్తుంది కాబట్టి షుగర్ బాగా పడిపోవచ్చు. మార్చబోతున్నామని ముందు డాక్టరుకు చెప్పి, ఆ వారం మీటరు ఎక్కువసార్లు చూసుకోండి.

చోటు మార్చే పద్ధతి సులువే. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల వెడల్పు వదిలేసి, పొట్టను నాలుగు భాగాలు అనుకోండి. వారానికి ఒక భాగం. ఆ భాగంలో కూడా నిన్న గుచ్చిన చోటికి ఒక వేలు ఎడంగా గుచ్చండి. తొడల పైభాగంలో బయటివైపు, పిరుదులు కూడా పనికొస్తాయి. పెన్నుకు 4 మిల్లీమీటర్ల సూది లావుగా ఉన్నవాళ్లకు కూడా సరిపోతుంది. ఒక సూది ఒకసారికే. ఖర్చుకు భయపడి మళ్లీ మళ్లీ వాడుతుంటే ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకండి, గడ్డలకు అది కూడా ఒక కారణం.

7. కళ్లు మసక, కాళ్ల వాపు, బరువు

ఎన్నాళ్లుగానో ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా అదుపులోకి వస్తే కంటి లోపలి కటకం ఆకారం మారి, కొన్ని వారాలు చూపు మసకగా ఉంటుంది. కొత్త కళ్లద్దాలకు పరుగెత్తకండి, డబ్బు దండగ. నాన్న పరుగెత్తాడు, ఆ అద్దాలు నెలన్నర తర్వాత పనికిరాకుండా పోయాయి. అయితే ఇన్సులిన్ మొదలుపెట్టే ముందే రెటీనా (కంటి లోపల వెనక పొర) పరీక్ష చేయించుకుని ఉండాలి. షుగర్ వేగంగా తగ్గినప్పుడు అప్పటికే ఉన్న రెటీనా జబ్బు కొంతకాలం ముదరవచ్చు. కళ్ల ముందు నల్ల చుక్కలు, తెర దిగినట్టు ఉండటం మసక కిందికి రావు, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మొదటి వారాల్లో పాదాలు కాస్త ఉబ్బడం ఉంటుంది, సాధారణంగా అదే తగ్గుతుంది. పియోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర కూడా వాడుతూ వాపు పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, రెండు మూడు రోజుల్లో బరువు గబగబా పెరిగినా ఆలస్యం చేయకండి, గుండె మీద భారం పడుతున్నట్టు.

రెండు మూడు కిలోలు పెరగడం మామూలే. ఇన్నాళ్లు మూత్రంలో పోయిన షుగర్ ఇప్పుడు ఒంటికి పడుతోంది. డౌన్ అవుతుందేమోనన్న భయంతో గంటగంటకూ ఏదో ఒకటి నమలడం ఇంకో కారణం.

8. దురద, దద్దుర్లు

గుచ్చిన చోట కొంచెం ఎర్రబడటం, దురద రావచ్చు, ఎక్కువగా కొన్నాళ్లకు అదే సర్దుకుంటుంది. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా, ఫ్రిజ్‌లోంచి తీసిన మందును చల్లగానే వేసినా మంట పుడుతుంది.

1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు మొదటిసారి ఇచ్చిన ఇన్సులిన్ శుద్ధి సరిగా లేక, గుచ్చిన చోట గడ్డ లేచింది. పన్నెండు రోజుల తర్వాత శుద్ధి చేసి ఇచ్చినది పనిచేసింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆవు, పంది క్లోమాల నుంచి తీసినదే వాడారు, దాంతో అలర్జీలు ఎక్కువగా ఉండేవి. "పంది నుంచి తీస్తారంట కదా" అని నాన్న ఇప్పటికీ అడుగుతుంటాడు. ఇప్పటి ఇన్సులిన్ సూక్ష్మజీవుల చేత తయారుచేయించేది. మన బెంగళూరు బయోకాన్ 2004లో తెచ్చిన ఇన్సుజెన్ ఈస్టుతో చేసినది.

కాబట్టి ఒళ్లంతా అలర్జీ ఇప్పుడు అరుదు. కానీ వేసుకున్న కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు లేదా నాలుక ఉబ్బడం, ఊపిరి అందకపోవడం, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే 108.

9. ఫ్రిజ్, ఊరి ప్రయాణం

తెరవని సీసాలు, పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లోనూ, దాని గోడకు ఆనించీ పెట్టొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపిస్తుంది కానీ పనిచేయదు. వాడుతున్నదాన్ని 25, 30 డిగ్రీల లోపు బయట పెట్టుకోవచ్చు, చాలావాటికి గడువు 28 రోజులు, సరైన గడువు డబ్బాలోని కాగితం మీద ఉంటుంది. తెరిచిన తేదీని పెన్నుతో సీసా మీద రాయండి.

వేసవిలో అనంతపురం వైపు వెళ్తే ఈ లెక్క చాలదు. కరెంటు పోయినా పనిచేసేది మట్టికుండ. ప్లాస్టిక్ కవరులో చుట్టి, తడి ఇసుక పోసిన కుండలో నీడన పెట్టండి. ఐసు ముక్కలకు నేరుగా తగలనీయొద్దు. పార్క్ చేసిన కారులో అరగంట కూడా వదలొద్దు. విమానంలో చేతి సంచీలోనే ఉండాలి.

వేసుకునే ముందు చూడండి. తేటగా ఉండాల్సినది మబ్బుగా ఉంటే పారేయండి. పాలలా ఉండేదాన్ని అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేయండి. అయినా పలుకులు తేలుతుంటే అదీ పారేయాల్సిందే. వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, బయట "సూదులు" అని రాసి, తడి పొడి చెత్తలతో కలపకుండా విడిగా ఇవ్వండి. చెత్త ఏరే పౌరకార్మికుల చేతులకు గుచ్చుకునేవి ఇవే.

10. డాక్టరుకు చెప్పడం, రిపోర్టు చేయడం

"అప్పుడప్పుడు డౌన్ అవుతోంది సార్" అంటే డాక్టరు ఏమీ చేయలేరు. మా ఇంట్లో ఒక వంద పేజీల నోటుబుక్కు ఉంది. అందులో తేదీ, సూది టైము, ఎన్ని యూనిట్లు, ఎక్కడ గుచ్చింది, తిన్న టైము, మీటరు అంకె, ఏమనిపించింది. చివరి గడి అమ్మ నింపుతుంది, "కోపంగా ఉన్నాడు" అని కూడా రాస్తుంది. ఆ "కోపం" పక్కన అంకె చూసే డాక్టరు సాయంత్రం డోసు తగ్గించారు.

మందు వల్లే అనిపించే ఇబ్బందిని సర్కారుకు కూడా చెప్పవచ్చు. మందుల సైడ్ ఎఫెక్టులను నమోదు చేసుకునే, 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియాను ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. పేషెంటు గానీ ఇంట్లోవాళ్లు గానీ 1800-180-3024 టోల్ ఫ్రీ నంబరుకు పనిరోజుల్లో ఫోన్ చేయవచ్చు. మామూలు జనం కోసం ప్రత్యేకంగా ఫారం ఉంది, తెలుగులో కూడా దొరుకుతుంది. మందే కారణమని మీరు రుజువు చేయక్కర్లేదు, అనుమానం చాలు. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఎప్పుడు వేసుకున్నారు, ఎంతసేపటికి ఏం జరిగింది, ఇంకా ఏ మందులు వాడుతున్నారు అని అడుగుతారు. అందుకే ఏదైనా తేడా వచ్చిన సీసాను, దాని డబ్బాను వెంటనే పారేయకండి. పక్కన పెట్టి, పొరపాటున ఎవరూ వాడకుండా దాని మీద ఇంటూ గుర్తు వేయండి.